వంచని శిరస్సు: బెంజమిన్ మేస్ గారి జీవితము



మార్టిన్ లూథర్ కింగ్ పేరు విననివారు మన సంఘములలో అరుదు. అమెరికా దేశపు నల్లజాతి ప్రజల హక్కుల కొరకు పాటుపడి, 1968వ సంవత్సరములో తుపాకి గుండుకు బలియైన దైవసేవకుడాయన. అయితే ఆ కింగును కళాశాలలో తీర్చిదిద్దిన గురువు పేరు ఎరిగినవారు బహు కొద్దిమంది. పండును చూచి సంతోషించు మనము, చెట్టు నాటినవాని పేరు అడుగుట మరచిపోవుదుము. ఈ మాసము ఆ నాటినవాని కథ చెప్పుకొందము. ఆయన పేరు బెంజమిన్ ఏలీయా మేస్. కౌలు రైతు కుమారుడు, బాప్తిస్టు బోధకుడు, ఇరువది యేడు సంవత్సరములు ఒక కళాశాలకు అధ్యక్షుడు.

తరతరములుగా భయమును ఉగ్గుపాలతో త్రాగిన జనులు ఆ భయమును ఎక్కడ విడిచిపెట్టుదురు? ఈ ప్రశ్నను మనస్సులో ఉంచుకొని ఆయన జీవితమును చూతము.

టోపీ తీసిన తండ్రి

అమెరికా దక్షిణ భాగమున సౌత్ కరోలినా అను రాష్ట్రము కలదు. అందులో నైంటీ సిక్స్, అనగా తొంబదియారు, అను వింత పేరుగల చిన్న పట్టణమున్నది. దాని సమీపమున ఒక పల్లెలో 1894వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన మేస్ గారు జన్మించెను. తండ్రి పేరు హిజ్కియా, తల్లి పేరు లువీనియా. ఇద్దరును బానిసలుగా పుట్టినవారే. 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసలకు విడుదల కలిగినప్పుడు తండ్రి తొమ్మిదేండ్ల బాలుడు, తల్లి పసిబిడ్డ. వారికి ఎనమండుగురు పిల్లలు. కడగొట్టువాడు బెంజమిన్. యాకోబు కడగొట్టు కుమారుని పేరే ఈ బిడ్డకును వచ్చినది.

ఆ కుటుంబము కౌలు భూమిలో ప్రత్తి పండించుచుండెను. కౌలు సేద్యమనగానేమో మన పల్లెలలో వివరించి చెప్పనక్కరలేదు. పంట చేతికి రాకముందే అప్పు ఎదురుచూచును. పంట అమ్మి బాకీ తీర్చిన తరువాత చేతిలో మిగులునది దులిపిన దుమ్ము మాత్రమే. ఆ ఇంట పిల్లలందరును ప్రత్తి ఏరినవారే.

బెంజమినుకు నాలుగేండ్ల ప్రాయమున జరిగిన ఒక సంగతి ఆయన జీవితాంతము మరువలేదు. ఆయన మొదటి జ్ఞాపకము అదియే. 1898 నవంబరు మాసములో ఎన్నికలు వచ్చినవి. 1895లో చేసిన రాష్ట్ర రాజ్యాంగము నల్లవారి ఓటు హక్కును దాదాపు లేకుండ చేసియుండెను. ఆ అన్యాయమును గూర్చి ఫీనిక్స్ అను సమీప గ్రామమున కొందరు ఫిర్యాదు వ్రాయించుకొనుచుండగా గలభా లేచెను. పిమ్మట తెల్లవారి గుంపులు తుపాకులు పట్టి గుఱ్ఱములెక్కి ఊరూర తిరిగి అనేకులైన నల్లవారిని చంపిరి. అట్టి గుంపు ఒకటి హిజ్కియా ఎదుటికి వచ్చెను. అతనిని నిలువబెట్టి టోపీ తీయించి, మరల మరల తల వంచి నమస్కరింపజేసిరి. అతడు వంచెను. వంచనియెడల ప్రాణము దక్కదు. చిన్నవాడు ప్రక్కన నిలిచి చూచుచుండెను.

ఆ తండ్రిని మనము నిందింపరాదు. బిడ్డల కొరకు బ్రదుకగోరిన మనిషి అతడు. కాని ఆ వంగిన తల కుమారుని కన్నులలో నిలిచిపోయెను.

నాలుగు నెలల బడి

ఆ దినములలో పల్లెలోని నల్లపిల్లలకు సంవత్సరమునకు నాలుగు నెలలే బడి. ప్రత్తి ఏరుట ముగిసిన తరువాత తెరచి, దుక్కులు మొదలుకాగానే మూయుదురు. బెంజమిన్ బడికి పోవక మునుపే అక్క సూసీ యొద్ద అక్షరములును లెక్కలును కొంత నేర్చుకొనెను. తల్లికి చదువురాదు. సాయంకాలమున కుమారుడు బైబిలు చదువగా ఆమె వినును. కుమారుని చదువు కొరకు ఆమె చేసిన ప్రార్థనలే తన బలమని ఆయన కడవరకు తలంచెను.

మౌంట్ జాయన్ అను బాప్తిస్టు సంఘము వారి ఆలయము. తొమ్మిదేండ్ల ప్రాయమున ఒక దినమున ఈ బాలుడు సంఘము ఎదుట నిలిచి కొండమీది ప్రసంగములోని భాగమును కంఠస్థముగా చెప్పెను. పెద్దలు లేచి చప్పట్లు చరచిరి. ఇతడు గొప్పవాడగునని ముసలివారు దీవించిరి. బయట లోకములో ఏ విలువయు లేని పిల్లవానికి ఆ చిన్న ఆలయములో విలువ దొరికెను. మన సండే స్కూలు పిల్లలు వాక్యము అప్పజెప్పునప్పుడు పెద్దలు ఏమరుపాటుగా వినుట తగదని మనకిది జ్ఞాపకము చేయుచున్నది. ఆ చప్పట్లు పిల్లవాని యెదలో ఎంత దూరము పోవునో మనమెరుగము.

తండ్రికి మాత్రము చదువు మీద నమ్మకము లేదు. నిజాయితీగల పనులు రెండే యని అతని అభిప్రాయము: ఒకటి సేద్యము, రెండవది బోధ. ఆ రెంటికిని ఎక్కువ చదువక్కరలేదని అతడు తలంచెను. కుమారుడు పొలములో మోకరించి చదువు కొరకు ప్రార్థించుచుండెను. 1911లో ఆరెంజ్‌బర్గ్ పట్టణమందున్న నల్లవారి కళాశాలలోని ఉన్నత పాఠశాలలో చేరెను. అక్కడ కూడ ఫిబ్రవరి వచ్చుసరికి పొలము పనికి ఇంటికి రావలసి యుండెను. పందొమ్మిదేండ్ల వయస్సున ఇక రానని, సంవత్సరమంతయు బడిలోనే ఉండెదనని తండ్రికి చెప్పెను. తండ్రి కోపించి పది డాలర్ల నోటు అతని మీదికి విసరెను. ఆ నోటు పుచ్చుకొని బెంజమిన్ వెళ్లిపోయెను. ఖర్చులకు చాలనందున అర్ధరాత్రివేళ మరుగుదొడ్లు శుభ్రము చేయు పని చేసి, పగలు చదువుకొనెను. 1916లో తరగతిలో ప్రథముడై ఉత్తీర్ణుడయ్యెను. అప్పటికి ఆయనకు ఇరువది రెండేండ్లు నిండుచుండెను. ఆ వయస్సున ఉన్నత పాఠశాల ముగించుట అవమానమని ఆయన తలంచలేదు.

ఆలయపు నేలగదిలో మొలిచిన విత్తనము

ఇక్కడ కథను ఒక నిమిషము ఆపి, ఆ నల్లవారి కళాశాలలను గూర్చి కొంత తెలిసికొందము. బానిసత్వ కాలమున సౌత్ కరోలినా, జార్జియా మొదలగు రాష్ట్రములలో బానిసకు చదువు నేర్పుట చట్టరీత్యా నేరము. విడుదల కలిగిన వెంటనే ఆ జనులు కూడు తరువాత అడిగినది చదువే. అరువదేండ్ల ముసలివారు మనుమలతో కూడ కూర్చుండి అక్షరములు దిద్దిరి. తెల్లవారి కళాశాలల తలుపులు వారికి మూయబడియుండెను. గనుక సంఘములును మిషనులును వారి కొరకు వేరు కళాశాలలు కట్టెను. 1865లో అట్లాంటా విశ్వవిద్యాలయము, షా విశ్వవిద్యాలయము, 1866లో ఫిస్క్, 1867లో హోవర్డ్, ఈ విధముగా అవి పుట్టెను.

మన కథకు ముఖ్యమైనది మోర్‌హౌస్ కళాశాల. అది 1867లో జార్జియా రాష్ట్రములోని అగస్టా పట్టణమున ఒక బాప్తిస్టు ఆలయపు నేలగదిలో ప్రారంభమాయెను. దానిని స్థాపించిన విలియం జెఫర్సన్ వైట్ వడ్రంగము ఎరిగిన బోధకుడు. 1879లో ఆ పాఠశాల అట్లాంటా నగరమునకు మారెను. దానికి తోడ్పడిన అమెరికన్ బాప్తిస్టు హోమ్ మిషను, మన నెల్లూరు ఒంగోలు సీమలలో పనిచేసిన అమెరికన్ బాప్తిస్టు మిషనుకు సహోదర సంస్థయే. స్త్రీల కొరకైన స్పెల్మన్ కళాశాలయు 1881లో అట్లాంటాలో మరియొక ఆలయపు నేలగదిలోనే మొదలాయెను.

ఈ కళాశాలలు బీదవి. పుస్తకములు కొద్ది, జీతములు కొద్ది. కాని వాటి ప్రాకారము లోపల ఒక నల్లజాతి యువకుడు ఎవరికిని టోపీ తీయనక్కరలేదు. తనవంటివారే ఆచార్యులై, అధ్యక్షులై నిలుచుట చూచును. రాబోవు పోరాటమునకు మూలము ఇక్కడ ఉన్నది.

తూర్పునకు చేసిన ప్రయాణము

మేస్ గారు ఒక సంవత్సరము వర్జీనియాలో చదివి, పిమ్మట ఉత్తరాన మెయిన్ రాష్ట్రములోని బేట్స్ కళాశాలలో చేరెను. అది తెల్లవారి మధ్య చదువు. తాను వారికి తీసిపోనని తనకు తానే తెలిసికొనుట ఆయన ఉద్దేశము. 1920లో గౌరవ పట్టము పొందెను. షికాగో విశ్వవిద్యాలయములో మరి పెద్ద చదువులు చదివెను గాని, డబ్బు కొరకు నడుమ నడుమ ఆపి, బోధకుడుగాను, ఉపాధ్యాయుడుగాను, యువజన క్రైస్తవ సంఘపు సేవకుడుగాను పనిచేయవలసి వచ్చెను. వేసవిలో రైళ్లలో పడకపెట్టెల పనివాడుగా కూడ ఉండెను. ఆయన డాక్టరు పట్టము పొందునప్పటికి 1935వ సంవత్సరము వచ్చెను. నలుబదేండ్లు దాటినవి.

ఈ మధ్యలో ఆయన మరియొకనితో కలిసి 609 పట్టణ సంఘములను, 185 గ్రామ సంఘములను స్వయముగా పరిశీలింపజేసి 1933లో ఒక గ్రంథమును ప్రకటించెను. బోధకులకు శిక్షణ చాలదనియు, ఆలయములు అప్పులలో మునిగియున్నవనియు దాచక వ్రాసెను. అయినను నల్లవారు తమది అని చెప్పుకొనదగినది, తమ చేతులతో నడుపుకొనునది సంఘమొక్కటే యనియు చూపించెను. సంఘమును ప్రేమించువాడే దాని లోపములను సరిగా చెప్పగలడు.

1934లో వాషింగ్టన్ నగరములోని హోవర్డ్ విశ్వవిద్యాలయపు వేదాంత కళాశాలకు ఆయన పెద్దగా నియమింపబడెను. ఆ విశ్వవిద్యాలయములోనే చార్లెస్ హూస్టన్ అను న్యాయవాది, నల్ల యువకులను రాజ్యాంగ హక్కుల కొరకు వాదించు న్యాయవాదులుగా తీర్చుచుండెను. ఆయన శిష్యుడు తర్‌గుడ్ మార్షల్ మొదలగువారు వాదించిన వ్యాజ్యములో 1954 మే 17న పాఠశాలలలో జాతి వేర్పాటు చెల్లదని అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఒక విభాగములో న్యాయవాదులు, మరియొక విభాగములో బోధకులు, ఒకే ప్రాంగణములో తయారగుచుండిరి.

1936 చివర మేస్ గారు మన దేశమునకు వచ్చెను. 1937 జనవరిలో మైసూరులో జరుగు యువజన క్రైస్తవ సంఘపు ప్రపంచ మహాసభకు ఆయన ప్రతినిధి. దానికి ముందు డిసెంబరు ఆఖరున వార్ధా వెళ్లి గాంధీ మహాత్ముని చూచి ఒకటిన్నర గంట మాటలాడెను. అహింస యనగా ఏమియు చేయక ఊరకుండుటయా అను సందేహము ఆయనకుండెను. అది ఊరకుండుట కాదనియు, మిక్కిలి చురుకైన శక్తియనియు గాంధీ వివరించెను. కులమును గూర్చియు ఆయన అడిగెను.

మైసూరులో జరిగిన ఒక సంగతి మాత్రము ఆయన హృదయమును మరింత లోతుగా తాకెను. అంటరానివారని చెప్పబడు పిల్లల పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఆయనను మాటలాడుటకు పిలిచెను. పిల్లలకు పరిచయము చేయుచు, ఈయనయు అమెరికాలోని అంటరానివారిలో నుండి వచ్చి పెద్దవాడైనవాడని చెప్పెను. మేస్ గారు ఉలిక్కిపడెను. తాను పండితుడు, సముద్రములు దాటివచ్చిన ప్రతినిధి. తననా ఆ మాట అనుట? మొదట కోపము వచ్చెను. పిమ్మట ఆలోచించెను. తన దేశములో తాను ఏ హోటలులో భోజనము చేయగలడు? ఏ రైలుపెట్టెలో కూర్చుండగలడు? ప్రధానోపాధ్యాయుడు చెప్పినది నిజమే. ఆ పిల్లలకు ధైర్యము కలుగుటకే అతడట్లు చెప్పెను. మన పల్లె సంఘములలో ఆ మాట బరువు ఎరిగిన కుటుంబములు అనేకములు. ఆ బరువును మేస్ గారు మన నేల మీదనే తూచి చూచెను.

మంగళవారపు ప్రసంగములు

1940లో మోర్‌హౌస్ కళాశాల ఆయనను అధ్యక్షునిగా పిలిచెను. అప్పుడు కళాశాల స్థితి మంచిది కాదు. విద్యార్థుల ఫీజులు బాకీపడి యుండెను. మేస్ గారు పైసాపైసా వసూలు చేయుచుండగా పిల్లలు ఆయనకు ఎగతాళి పేరొకటి పెట్టిరి. ఆయన దానిని లెక్కచేయలేదు. పిమ్మట యుద్ధము వచ్చి యువకులు సైన్యమునకు పోగా తరగతులు ఖాళీ అయ్యెను. అందుచేత ఉన్నత పాఠశాల ముగింపని తెలివిగల బాలురను ప్రవేశపరీక్ష పెట్టి చేర్చుకొనసాగిరి. ఆ విధముగా 1944లో పదునైదేండ్ల బాలుడొకడు చేరెను. అతని తండ్రియు తాతయు ఆ కళాశాలలోనే చదివిన సంఘ కాపరులు. అతని పేరు మార్టిన్ లూథర్ కింగ్.

ప్రతి మంగళవారము ఉదయమున మేస్ గారు ప్రార్థనా మందిరములో విద్యార్థులకు ప్రసంగించును. పొడవైన విగ్రహము, నెరసిన తల, నిటారైన నడక. ఆయన చెప్పినది చాల సరళము. చట్టము మీ శరీరమును వేరుపరచవచ్చును, మీ మనస్సును మాత్రము మీరు అనుమతించనిదే ఎవరును వేరుపరచలేరని బోధించెను. సినిమాహాలులో నల్లవారికి మీది మేడ వేరుగా ఉండెడిది. డబ్బు చెల్లించి అవమానమును కొని తెచ్చుకొనవద్దని ఆయన చెప్పెను. ఆదివారమున ప్రేమను బోధించి సోమవారమున మనుష్యుని వెలివేయు సంఘమును ఆయన దాపరికము లేక గద్దించెను.

ప్రసంగము ముగిసిన తరువాత కింగ్ ఆయన వెంట నడచి, కొన్నిటిని ఒప్పుకొనుచు, కొన్నిటికి ఎదురాడుచు సంభాషించును. వైద్యుడగుదునా, న్యాయవాదినగుదునా అని ఊగిసలాడిన ఆ యువకుడు, చదువుకొన్నవాడును యోచించువాడునైన బోధకుడు ఎట్లుండునో మేస్ గారిని చూచి తెలిసికొనెను. కళాశాల విడువకముందే సువార్త సేవకు తన్ను అప్పగించుకొనెను. 1948లో పట్టభద్రుడయ్యెను. 1950లో హోవర్డ్ అధ్యక్షుడు మార్డెకై జాన్సన్ మన దేశమును దర్శించి వచ్చి గాంధీని గూర్చి ఫిలడెల్ఫియాలో చేసిన ప్రసంగమును కింగ్ వినెను. వెంటనే గాంధీని గూర్చిన పుస్తకములు కొని చదివెను. జాన్సన్ గారును మోర్‌హౌస్‌లో చదివినవాడే.

తండ్రి కన్నీరు, గురువు మాట

1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రములోని మాంట్‌గొమరీ పట్టణమున రోజా పార్క్స్ అను కుట్టుపని చేయు స్త్రీ, బస్సులో తెల్లవానికి చోటియ్యక నిర్బంధింపబడెను. ఆ రాత్రి ఏమి జరిగెనో కొద్దిమందికే తెలియును. అలబామా స్టేట్ కళాశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయిని యైన జో ఆన్ రాబిన్‌సన్, ఇద్దరు విద్యార్థులతో కూడ అర్ధరాత్రి కళాశాలకు పోయి, అక్కడి సైక్లోస్టైలు యంత్రముపై వేలకొలది కరపత్రములు తీసెను. తెల్లవారునప్పటికి అవి పట్టణమంతట పంచుటకు సిద్ధమాయెను. సోమవారము ఎవరును బస్సెక్కరాదని వాటి సారాంశము. ఎవరును ఎక్కలేదనియే చెప్పవలెను. అప్పుడు ఆ పట్టణములో సంఘ కాపరిగా ఉన్న ఇరువది యారేండ్ల కింగును జనులు నాయకునిగా ఎన్నుకొనిరి.

1956 జనవరి 30న కింగ్ ఇంటి మీద బాంబు వేసిరి. ఫిబ్రవరిలో సుమారు 90 మంది నాయకుల మీద నేరము మోపిరి. ఆ సమయమున కింగ్ ఫిస్క్ విశ్వవిద్యాలయములో ప్రసంగములు చేయుచుండెను. అక్కడనుండి అట్లాంటాలోని తండ్రి యింటికి వచ్చెను. కుమారుడు మరల మాంట్‌గొమరీ పోయిన చంపుదురని తండ్రి వణకెను. పట్టణములోని పెద్దలను పిలిపించెను. అందులో మేస్ గారు ఒకడు. పోవద్దని చెప్పించుటకే తండ్రి వారిని పిలిచెను. కొందరు తండ్రి మాటను సమర్థించిరి.

కింగ్ మాత్రము తన ప్రజలు చెరసాలకు పోవుచుండగా తాను దాగియుండలేనని చెప్పి, గురువు వైపు చూచెను. తండ్రి ఏడ్చుచుండెను. ఆ క్షణమున మేస్ గారు ఎంత కష్టమైన స్థలమున నిలిచెనో మనము తలంచవలెను. ఎదుటనున్నది ఒక స్నేహితుని కన్నీరు. రేపు ఆ యువకుడు చంపబడినయెడల తన మాటయే కారణమగును. ఆయనకు సంతానము లేదు. విద్యార్థులే ఆయన బిడ్డలు. అయినను ఇరువది సంవత్సరములుగా నిటారుగా నడువుమని బోధించిన నోటితో, ఇప్పుడు వంగుమని చెప్పలేకపోయెను. కింగ్ నిర్ణయము సరియైనదని ఆయన స్పష్టముగా చెప్పెను. సభ అభిప్రాయము మారెను. తండ్రి ఒప్పుకొని, తానే కుమారుని వెంట మాంట్‌గొమరీకి బయలుదేరెను. టోపీ తీసి వంగిన ఒక తండ్రి యొక్క కుమారుడు, మరియొక తండ్రికి భయము దాటు త్రోవ చూపెను. 381 దినములు జనులు నడచిరి. 1956 డిసెంబరులో బస్సులలో వేర్పాటు తొలగెను.

విద్యార్థులు లేచిన సంవత్సరము

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో పట్టణమున ఒక నల్లవారి కళాశాలకు చెందిన నలుగురు విద్యార్థులు, తెల్లవారికి మాత్రమే వడ్డించు ఫలహారపు బల్ల యొద్ద కూర్చుండిరి. వడ్డింపలేదు, వారు లేవలేదు. కొద్ది వారములలో ఆ విధానము దక్షిణమంతట వ్యాపించెను. నాష్‌విల్‌లో ఫిస్క్ విద్యార్థులును బాప్తిస్టు వేదాంత పాఠశాల విద్యార్థులును కొట్టినను తిరిగి కొట్టకుండుట ముందుగానే అభ్యాసము చేసియుండిరి.

అట్లాంటాలోని ఆరు విద్యాసంస్థల అధ్యక్షులు తమ విద్యార్థులను పిలిచి, మొదట మీ కోరికలను వ్రాతమూలముగా ప్రజల ఎదుట పెట్టుడని చెప్పిరి. కాలయాపన కొరకే పెద్దలు ఇట్లు చెప్పుచున్నారేమో యని కొందరు అనుమానించిరి. ఆ అనుమానము పూర్తిగా అన్యాయమని మనము చెప్పలేము. పెద్దలు పిల్లలను గూర్చి భయపడుచునే యుండిరి. అయినను ఆ సలహా మేలు చేసెను. స్పెల్మన్ విద్యార్థిని రోజ్లిన్ పోప్ ముఖ్యముగా వ్రాసిన విజ్ఞాపన మార్చి 9న పత్రికలలో అచ్చయ్యెను. అంత చక్కగా వ్రాసినది జార్జియా కళాశాలల పిల్లలు కాదని రాష్ట్ర గవర్నరు కొట్టివేసెను. ఆరు దినముల తరువాత సుమారు 200 మంది విద్యార్థులు పట్టణములో పది చోట్ల కూర్చుండిరి. 77 మంది నిర్బంధింపబడిరి. మేస్ గారు వారిని విడనాడలేదు. చదువు చెడగొట్టుకొనవద్దని హెచ్చరించెను గాని ఆగుమని ఆజ్ఞాపింపలేదు. 1961 సెప్టెంబరులో ఆ నగరపు ఫలహారపు బల్లలు అందరికిని తెరువబడెను. 1960 ఏప్రిలులో ఈస్టరు దినములలో షా విశ్వవిద్యాలయములో పలు కళాశాలల విద్యార్థులు కూడి తమ సంఘమును ఏర్పరచుకొనిరి. వారిని సమకూర్చిన ఎల్లా బేకర్ ఆ విశ్వవిద్యాలయమందే చదివిన స్త్రీ.

అన్ని కళాశాలలకు ఇట్టి స్వేచ్ఛ లేదు. ప్రభుత్వపు డబ్బుతో నడచునవి ప్రభుత్వపు మాట వినవలసి వచ్చెను. అలబామా స్టేట్ కళాశాలలో గవర్నరు ఒత్తిడిచే తొమ్మండుగురు విద్యార్థులు వెళ్లగొట్టబడిరి. ఉపాధ్యాయులు ఉద్యోగములు పోగొట్టుకొనిరి. కరపత్రములు తీసిన రాబిన్‌సన్ గారును అక్కడి ఉద్యోగము విడువవలసి వచ్చెను. ఆ విద్యార్థుల మీది నేరముద్ర 2018లో గాని తుడిచివేయబడలేదు. మోర్‌హౌస్ అట్లు వంగకుండుటకు ఒక కారణము, సంఘములును దాతలును ఇచ్చిన కానుకలతో అది నడచుటయే. పేద విధవరాలి రెండు కాసులవంటి కానుకలు ఎంత స్వాతంత్ర్యమును కొనగలవో ఇక్కడ చూడనగును.

కడవరి దినములు

1963 ఆగస్టు 28న వాషింగ్టనులో రెండు లక్షలకు పైగా జనులు కూడిన మహాసభలో కింగ్ ప్రసంగించెను. ఆ దినపు కార్యక్రమమును ఆశీర్వాద ప్రార్థనతో ముగించినవాడు మేస్ గారు. గురువు, శిష్యుడు ఒకే వేదిక మీద నిలిచిరి.

వారిద్దరి మధ్య ఒక ఒప్పందముండెను. ఎవరు ముందు మరణించిన, మిగిలినవారు సమాధి ప్రసంగము చేయవలెను. ముప్పది నాలుగేండ్లు పెద్దవాడైన గురువే ముందు పోవునని ఎవరైనను తలంతురు. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో కింగ్ కాల్చబడెను. ఏప్రిల్ 9న మోర్‌హౌస్ ప్రాంగణములో వేలాది జనుల ఎదుట డెబ్బది మూడేండ్ల వృద్ధుడు నిలిచి ఆ మాట చెల్లించెను. 1956లో ఆ ఇంటిలో తాను చెప్పిన మాట ఆయనకు జ్ఞాపకము రాకుండునా? అయినను ఆ మాటను గూర్చి ఆయన వెనుకకు తిరుగలేదు.

1967లోనే ఆయన కళాశాల పని విరమించియుండెను. విశ్రాంతి తీసికొనలేదు. 1969లో అట్లాంటా నగర విద్యామండలికి ఎన్నికయ్యెను. 1970 మొదలు 1981 వరకు దానికి అధ్యక్షుడుగా నుండెను. ఆ స్థానమున కూర్చున్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనయే. నాలుగు నెలల బడికి పోయినవాడు, ఒక మహానగరపు బడులన్నిటికి పెద్దయయ్యెను. 1984 మార్చి 28న ఎనుబది తొమ్మిదేండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించెను. ఆయన సమాధి మోర్‌హౌస్ ప్రాంగణములో ఉన్నది. ఆయన పుట్టి పెరిగిన చెక్క యిల్లు గ్రీన్‌వుడ్ పట్టణమున కాపాడబడుచున్నది.

మన ధ్యానము

మొదట అడిగిన ప్రశ్నకు మరల వత్తము. భయమును ఎక్కడ విడిచిపెట్టుదురు? బైబిలులో మోషే కథ మనకు తెలిసినదే. ఐగుప్తు విడిచిన దినముననే ఇశ్రాయేలీయుల మనస్సు ఐగుప్తును విడువలేదు. నలుబది ఏండ్లు అరణ్యములో నేర్చుకొనవలసి వచ్చెను. నల్లజాతివారికి బానిసత్వము 1865లో ముగిసినను, వంగిన తల లేచుటకు నూరేండ్లు పట్టెను. ఆ నూరేండ్లు వారిని భద్రముగా నడిపినవి ఆలయపు నేలగదులలో పుట్టిన ఆ బీద కళాశాలలు. 1955లో లోకము చూచిన ధైర్యము ఒక్క రాత్రిలో పుట్టలేదు. ప్రతి మంగళవారము, సంవత్సరము వెంట సంవత్సరము, కొద్దికొద్దిగా చేరినది.

మన ఊళ్లలోను సంఘము కట్టిన బడులు ఉండెను. మన తాతలలో అనేకులకు పలక పట్టించినవి అవియే. కొన్ని ఇప్పటికిని ఉన్నవి, కొన్ని మూతపడినవి. మన ఇంటి ఆడపిల్లను, మగపిల్లవానిని పంట పని కొరకు బడి మాన్పించునప్పుడు, హిజ్కియా విసరిన పది డాలర్ల నోటును జ్ఞాపకము చేసికొందము. ఆ తండ్రి చెడ్డవాడు కాడు, భయపడినవాడు. మన భయమును బిడ్డల మీద మోపకుందుము గాక. అర్ధరాత్రి మరుగుదొడ్లు శుభ్రము చేసి చదివిన ఆ పందొమ్మిదేండ్ల వానివంటివారు మన మధ్యనుండవచ్చును. వచ్చే ఆదివారము సండే స్కూలు పిల్లవాడు వాక్యము అప్పజెప్పునప్పుడు, మనము లేచి నిలిచి చప్పట్లు చరచుదము.